పలకని బోర్డు చెప్పే మాటలు

తెర లేదు. కీబోర్డు లేదు. అరచేతిలో ఇమిడిపోయే ఆ బుల్లి కంప్యూటర్‌ని ల్యాప్‌టాప్‌లోంచే పలకరించాలి. ఎంత పిలిచినా పలక్కపోతే..? 'బోర్డు పోయింది' అనుకుంటారు చాలామంది. నిజానికి, పని ఎక్కడ ఆగిందో ల్యాప్‌టాప్ తెర మీదే కనిపిస్తుంటుంది!

చూడ్డానికి ఏటీఎం కార్డంత ఉంటుంది రాస్ప్‌బెర్రీ పై. కానీ అదో పూర్తిస్థాయి కంప్యూటర్. తక్కువ ఖర్చులో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఉద్దేశంతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు కలిసి దీన్ని తయారుచేశారు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరతో అమ్మకానికి వచ్చింది. లైనక్స్‌తో నడిచే ఈ బోర్డు మన ఇంజినీరింగ్ విద్యార్థులకూ బాగా తెలిసిందే. ముఖం చూసి హాజరు వేసే యంత్రం, పొలంలో తేమ తగ్గితే మోటారు ఆన్ చేసే పెట్టె, గుమ్మం దగ్గర కెమెరా... ఇలాంటి ఎన్నో ప్రాజెక్టులకు మెదడు ఇదే.

పొలంలోనో గోడ మీదో ఉండే బోర్డుకి మానిటరు తగిలించి కూర్చోవడం కుదరదు కదా. అందుకే నెట్‌వర్క్ మీదుగా లోపలికి వెళతారు. ఆ దారి పేరు సెక్యూర్ షెల్, పొట్టిగా ఎస్ఎస్‌హెచ్. దీని పుట్టుకకు కారణం ఓ దొంగతనం. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో మాటువేసి పాస్‌వర్డులు కాజేశారు. అప్పటిదాకా వాడుకలో ఉన్న టెల్‌నెట్‌లో పాస్‌వర్డు ఉన్నదున్నట్టుగా, పోస్టుకార్డు మీద రాసినట్టే వెళ్లేది. అది చూసి అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ అన్నీ రహస్య లిపిలో పంపే పద్ధతిని తయారుచేశారు. కంప్యూటర్లో ఒక్కో సేవకూ ఒక్కో ద్వారం ఉంటుంది. టెల్‌నెట్‌ది 23, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21. మధ్యలో ఖాళీగా ఉన్న 22ని యులోనెన్ అడిగి తీసుకున్నారు. ఇప్పటికీ ఎస్ఎస్‌హెచ్ ద్వారం అదే.

ఆ ద్వారం తెరుచుకోనప్పుడు వరసగా నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ప్రాణం ఉందా? చిరునామా సరైందేనా? తలుపు తీసి ఉందా? వచ్చినవాళ్లను గుర్తుపట్టిందా?

ప్రాణం ఉందా?

చాలా మోడళ్లలో రెండు చిన్న దీపాలుంటాయి. ఎర్రది కరెంటు అందుతోందని చెబుతుంది. పచ్చది మెమరీ కార్డుని చదువుతున్నప్పుడల్లా మినుకుమంటుంది. ఎర్రది వెలిగి, పచ్చది ఉలుకూపలుకూ లేకుండా ఉంటే ముందుగా అనుమానించాల్సింది కార్డునే. ఎర్రది ఆగి ఆగి వెలుగుతుంటే తప్పు ఛార్జరుది కావచ్చు. నాలుగో తరం బోర్డుకి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇవ్వగల ఛార్జరు కావాలి. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ ఛార్జరు ఆ బరువు మోయలేదు. కొత్త కార్డుతో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు తన సామాను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. అప్పుడు తొందరపడి వైరు పీకేస్తే కార్డులోని సమాచారం చెడిపోతుంది.

చిరునామా సరైందేనా?

తెర మీద 'కనెక్షన్ టైమ్‌డ్ అవుట్' అని వచ్చిందంటే, పిలుపుకి అటు నుంచి జవాబే రాలేదని అర్థం. 'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్‌నేమ్' అంటే ఆ పేరుగల బోర్డు ఎక్కడుందో తెలియలేదని. రెండింట్లోనూ పాస్‌వర్డు గొడవే లేదు. దాన్ని పదిసార్లు మార్చినా లాభం లేదు. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, కనెక్టయిన పరికరాల జాబితాలో బోర్డు ఉందో లేదో చూడాలి. ఉంటే దాని పక్కనున్న ఐపీ అడ్రసుతో పిలవాలి. నిన్నటి అడ్రసే ఇవాళా ఉంటుందన్న భరోసా లేదు. రౌటర్ దాన్ని వేరే పరికరానికి ఇచ్చేసి ఉండొచ్చు.

జాబితాలోనే లేకపోతే వైఫైని చూడాలి. చాలా ఇళ్లలో రౌటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్. మూడో తరం తొలి బోర్డుకీ, చిన్నదైన జీరో 2 డబ్ల్యూకీ అది వినపడదు. వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే కావాలి. హాస్టళ్లలో ఇంకో తంటా. అక్కడ వైఫైకి కనెక్టయ్యాక బ్రౌజర్లో పేజీ తెరిచి లాగిన్ కావాలి. తెరే లేని బోర్డు ఆ పేజీలో వివరాలెలా నింపుతుంది? కొన్నిచోట్ల ఒకే వైఫైలో ఉన్న పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా కట్టడి చేస్తారు కూడా. అలాంటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌ని 2.4కి మార్చి, ల్యాప్‌టాప్‌నీ బోర్డునీ దానికే కలపడం తేలిక. ఇంట్లోనైతే బోర్డుని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి చూడొచ్చు. తప్పు వైఫైదేనా కాదా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

పాత పాఠాలతో వచ్చే చిక్కు మరొకటుంది. వైఫై పేరు, పాస్‌వర్డు ఓ ఫైల్లో రాసి కార్డులో వేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. 2023 అక్టోబరులో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అది పనిచేయడం మానేసింది. కార్డు తయారుచేసే ఇమేజర్ సాఫ్ట్‌వేర్లోనే ఆ వివరాలు ఇవ్వాలి.

తలుపు తీసి ఉందా?

'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తే చాలామంది డీలా పడిపోతారు. నిజానికది కాస్త మంచి కబురు! ఆ అడ్రసులో ఓ యంత్రం ఉంది, పిలుపు విన్నది, కానీ 22వ ద్వారం దగ్గర ఎవరూ లేరు అని దాని అర్థం. అది మన బోర్డేనని తేలితే ఇక మిగిలింది ఎస్ఎస్‌హెచ్ సేవని ఆన్ చేయడమే. 2016 నవంబరు నుంచి దాన్ని ఆఫ్‌లో ఉంచే ఇస్తున్నారు. ఇమేజర్లో ఓ టిక్కు పెడితే ఆన్ అవుతుంది. కార్డులోని బూట్ భాగంలో ఎస్ఎస్‌హెచ్ అన్న పేరుతో, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఓ ఖాళీ ఫైలు పెట్టినా సరే. బోర్డు లేవగానే ఆ ఫైలు మాయమవుతుంది. పని అయిపోయిందని దాన్ని బోర్డే చెరిపేస్తుంది కాబట్టి కంగారు పడనక్కర్లేదు.

గుర్తుపట్టిందా?

'పర్మిషన్ డినైడ్' అంటే తలుపు దాకా చేరుకున్నట్టే. తేడా పేరులోనో పాస్‌వర్డులోనో ఉంది. పాత వీడియోల్లో యూజర్‌నేమ్ 'పై', పాస్‌వర్డ్ 'రాస్ప్‌బెర్రీ' అని చెబుతారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఖాతాని తీసేశారు. ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవాలి. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పాడైందని కాదు, పద్ధతే అది. ఇంకో తిరకాసు... బోర్డుకి కీబోర్డు తగిలించి పాస్‌వర్డు పెట్టినప్పుడు, సెట్టింగుల్లో బ్రిటిష్ కీబోర్డు ఎంచుకుని ఉంటే మన కీబోర్డు మీద 'ఎట్' గుర్తుకీ, జంట కొటేషన్ గుర్తుకీ స్థానాలు తారుమారవుతాయి. కొట్టింది ఒకటి, బోర్డు రాసుకున్నది మరొకటి!

ఒక్కోసారి తెర నిండా పెద్ద హెచ్చరిక వస్తుంది. అవతలి యంత్రం గుర్తింపు మారిపోయింది, ఎవరో మధ్యలో చేరి ఉండొచ్చు అని. కార్డుని మళ్లీ కొత్తగా రాసుకుని ఉంటే ఇది మామూలే. ల్యాప్‌టాప్ పాత వేలిముద్రని గుర్తుంచుకుంది, బోర్డుకి కొత్త వేలిముద్ర వచ్చింది. పాతదాన్ని చెరిపేస్తే సరి. కార్డు జోలికి ఎవరూ వెళ్లకపోయినా ఆ హెచ్చరిక వస్తే మాత్రం అక్కడే ఆగాలి. ఆ అడ్రసులో ఇప్పుడున్నది వేరే యంత్రమేమో చూసుకున్నాకే పాస్‌వర్డు కొట్టాలి.

ఎందుకింత కట్టడి?

రేపే ప్రాజెక్టు చూపించాలి, రాత్రి పన్నెండైనా లాగిన్ కావట్లేదు. అప్పుడు 'ఈ భద్రతంతా ఎవడు పెట్టమన్నాడు' అనిపించడం సహజం. దానికి జవాబు 2016లో దొరికింది. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో తిరుగుతూ కెమెరాలు, రౌటర్ల తలుపులు తట్టింది. దాని దగ్గరున్నది ఏ గొప్ప విద్యో కాదు. కంపెనీలు తయారీలోనే పెట్టే పేర్లు, పాస్‌వర్డుల జంటలు అరవైకి పైగా, అంతే. మార్చకుండా వదిలేసిన యంత్రాలు లక్షల్లో దానికి లొంగిపోయాయి. అదే ఏడాది అక్టోబరు 21న వాటిలో ఎన్నో కలిసి డైన్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థ మీద పడ్డాయి. అమెరికాలో ఎంతోమందికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ మరుసటి నెలలోనే రాస్ప్‌బెర్రీ పైలో ఎస్ఎస్‌హెచ్‌ని మూసి ఉంచడం మొదలైంది.

కాబట్టి లాగిన్ కుదిరిన సంబరంలో 1234 పాస్‌వర్డుగా పెట్టి, రౌటర్లో 22వ ద్వారాన్ని బయటి ప్రపంచానికి తెరిచేయడం మంచిది కాదు. ఊళ్లో అమ్మానాన్నల ఇంటి గుమ్మం దగ్గర కెమెరా పెట్టి హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో చూసుకునేవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. ఆ తలుపు తీస్తే కన్నవాళ్ల ఇంట్లోకి తొంగిచూసేది కొడుకో కూతురో మాత్రమే కాకపోవచ్చు. దూరం నుంచి చూసుకోవడానికి 2024లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై కనెక్ట్ లాంటి సేవలున్నాయి. వాటికి రౌటర్లో ద్వారం తెరవక్కర్లేదు. పాస్‌వర్డు బదులు తాళంచెవి లాంటి కీ ఫైలు వాడితే ఇంకా గట్టి కాపలా.

ఇక పై ప్రయత్నాలేవీ ఫలించకపోతే ఇంట్లో టీవీ ఉండనే ఉంది. బోర్డుకి హెచ్‌డీఎంఐ కేబులు, కీబోర్డు తగిలిస్తే లోపల ఏం జరుగుతోందో కళ్లముందే కనిపిస్తుంది. అప్పటికీ కాకపోతేనే కొత్త బోర్డు మాట. అంతకన్నా ముందు, తెర మీద వచ్చిన ఆ ఒక్క ఇంగ్లిష్ వాక్యాన్ని మరోసారి నిదానంగా చదవాలి. జబ్బు పేరు సగం అందులోనే ఉంటుంది!