కథకు మంగళము పాడువారెవరు?

జగిత్యాల కచేరి ఆవరణమున వాయిదాకై వేచియుండు యువకులు భూమి తగాదాలను గూర్చియో ఎన్నికలను గూర్చియో మాటలాడుకొందురని మనమనుకొందుము. మొన్న నొకదినమున వారి వాదము వేరొక విషయముపై సాగుచుండెను. ఫోను తెరపై వారములకొలది తాము చూచిన యొక బొమ్మల కథ, యానిమేషన్ ధారావాహిక యట, దాని కడపటి భాగము తమ్మెట్లు నడిత్రోవలో విడిచిపోయినదో ఒకరితో నొకరు చెప్పుకొని వగచుచుండిరి. ఒకమారుగా వెలువడు భాగముల కట్టను సీజను అందురు. ఆ సీజను, కథానాయకునిపై కత్తి యెత్తిన క్షణముననే ఆగిపోయినదట! ప్రక్కనున్న పెద్దలు నవ్విరి. బొమ్మలాటకింత దుఃఖమా యని వారి భావము.

మాకు నవ్వు రాలేదు. ఆ యువకులు చెప్పుచున్నది హక్కులకు సంబంధించిన మాట. కథ చెప్పెదనని పదిమందిని కూర్చుండబెట్టినవాడు కథ ముగించి తీరవలెను. ముగింపు కథకుడు దయతలచి వేయు కొసరు కాదు, తూకములోని సరకు. దానికై చూపరి కాలమిచ్చెను, చందా చెల్లించెను. ఆ చందా యెక్కడిది? కోరుట్ల ప్రాంతమున ననేక గృహములలో గల్ఫు దేశములనుండి తండ్రియో అన్నయో పంపిన సొమ్ము అది. అట్టి సొమ్ము పుచ్చుకొని, కొస చెప్పక, తరువాయి సీజను వచ్చునో రాదో లెక్కలు చూచిన పిమ్మట తేల్చెదమనుట, ఉభయపక్షముల సాక్ష్యము విని తీర్పు చెప్పక న్యాయాధిపతి లేచిపోవుటవంటిది. వాయిదాల విషయమున వకీళ్లు ఇతరులను తప్పుపట్టుట తగునా యని పాఠకమహాశయులు అడుగవచ్చును. అడుగుడు. మా వాయిదాలకు తేదీయైనను ఉండును.

బొమ్మలు చూపి కథ చెప్పుట మన సీమకు క్రొత్త గాదు. సిరిసిల్ల మగ్గముల పట్టణము. పద్మశాలీలకు వారి కులపురాణమును పటముపై చూపి వినిపించువారు కూనపులివారు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు, ఇట్లు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క కథకబృందము తెలంగాణమున తరతరములుగా నున్నది. పటములను వ్రాయువారు చేర్యాల నకాషీలు. ఖద్దరుగుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంక కలిపి పూసి యారబెట్టి, దానిపై వరుసక్రింద వరుసగా బొమ్మలు దించుదురు. వెడల్పు మూడడుగులు, నిడివి నలువది అడుగులు, ఒక్కొక్కచో అరువది. మొదట గణపతి, పిదప కథ. భావనఋషి పుట్టుక, తామరతూటి దారముతో వస్త్రము నేయుట, పులివాహనము, కాలవాసురునితో యుద్ధము, అన్నియు ఒకదానివెంట నొకటి విచ్చుకొనును. నేడు తెరపై బొమ్మ తానే కదలును. నాడు కథకుని గొంతు దానిని కదలించెడిది. అంతియే భేదము.

ఏ యూరిలో ఎవరు కథ చెప్పవలెనో ఆ కథకులకు వంశపారంపర్యపు హక్కుండెడిది. ప్రతిగా ధాన్యము, కట్నము ముట్టెడివి. హక్కు వెంట బాధ్యతయు నుండెడిది. కాలవాసురుడు కూలకమునుపే పటము చుట్టి, మిగిలినది రెండేండ్లకు చెప్పెదనని లేచిన కూనపులివానికి సిరిసిల్ల వీధిలో ఎట్టి మర్యాద జరిగియుండునో పాఠకులే ఊహించుకొందురు గాక. జీర్ణించిన పటమును సయితము మూల పడవేయక, పూజించి నదిలో విడుచుట ఆచారము. గుడ్డపై బొమ్మలకే అంత్యసంస్కారము చేసినవారి మనుమలు కథకు ముగింపు కోరుట అత్యాశయగునా?

విడతలుగా చెప్పుటయే తప్పని మా యభిప్రాయము కాదు. రామాయణ నవాహపారాయణమునకు తొమ్మిది దినములు పట్టును. ఏ దినమున ఏ సర్గతో ఆపవలెనో విరామస్థానములు నిర్ణయింపబడియున్నవి, అమంగళ ఘట్టమున గ్రంథము మూయరాదని పెద్దలు చెప్పుదురు, తొమ్మిదవనాడు పట్టాభిషేకము తప్పదు. ది లెజెండ్ ఆఫ్ హనుమాన్ అను బొమ్మల ధారావాహిక 2021లో మొదలై 2025 నాటికి ఆరవ సీజనుకు వచ్చినది. అది యెక్కడ తెగినను, కొండగట్టు అంజన్న నీడను పెరిగిన బాలుడు రాముడు గెలుచునని యెరిగి నిశ్చింతగా నిద్రించును. క్రొత్తగా కల్పించిన కథను చూచు బాలునకు అట్టి ఊతము లేదు. కథకుడు చెప్పిననే వానికి కొస తెలియును.

మన తెలుగువారి బాహుబలినే చూడుడు. 2015 జూలై 10న విడుదలైన మొదటి చిత్రము, ప్రభువును చంపినది తానేయని కట్టప్పచే పలికించి ఆగినది. ఎందుకు చంపెనను ప్రశ్న దేశమంతట ఇరువదియొక్క నెలలకు పైగా నానినది. ఎవరును మోసపోతిమనలేదు. పేరులోనే అది ఆరంభమని చెప్పియుండిరి, 2017 ఏప్రిలు 28న బదులు తెచ్చి యిచ్చిరి. 2024 మే 17న అదే మాహిష్మతిని గూర్చి బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్ అను యానిమేషన్ ధారావాహిక వెలువడినది. ఇది చిత్రమునకు పూర్వకాలపు కథ. రక్తదేవుడను శత్రువు దండెత్తివచ్చును, బాహుబలియు భల్లాలదేవుడును ఏకమై నిలుతురు. గీత బాగున్నది, వేగము బాగున్నది. కాని ఆ సోదరుల గతి మనకు తొమ్మిదేండ్లక్రిందటనే తెలిసినది. కడపటి భాగమున వారిలో నెవరికిని ఏ హానియు కలుగనేరదు, ఎవని మనస్సును తుదకంట మారనేరదు. రామకథ తెలిసిన కొసవైపే నడచి అచ్చటికి చేరును. దీని కొస మరొకచోట వ్రాయబడి యుండుటచే తన దనదగిన కొస దీనికి లేదు. ఇట్టి కథల అభిమానులకు ఆశాభంగము మొదటి భాగముననే వ్రాసిపెట్టియున్నది.

ఇక ముగింపు చెప్పియు నచ్చకపోవుట వేరు సంగతి. జపాను దేశమున నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్ అను ధారావాహిక 1995 అక్టోబరు 4న మొదలై 1996 మార్చి 27న ఇరువదియారవ భాగముతో ముగిసినది. యుద్ధమెట్లు తెగునోయని జనము కాచుకొనియుండగా, దర్శకుడు హిదెయాకి అన్నో చివరి రెండు భాగములను కథానాయకుడగు బాలుని మనోవ్యథకే వినియోగించెను. అభిమానులు మండిపడిరి, దూషణలేఖలు పంపిరి. 1997 జూలైలో ఆయన మరొక ముగింపును చలనచిత్రముగా నిచ్చెను. దానితోను తగవు తీరలేదు. కథను మరల మొదటినుండి ఎత్తుకొని, 2021 మార్చిలో విడుదలైన చిత్రముతో గాని ఆయన చాలింపలేదు. ఇరువదియైదు సంవత్సరములు! అన్నో తీర్పు చెప్పెను. నచ్చనివారు అప్పీలు చేసికొనిరి, ఆయన ఆలకించెను. తిట్లును బెదిరింపులును మాత్రము అప్పీలనిపించుకొనవు. మన యువకులు ఈ భేదము గుర్తింపవలెను.

ముగించినచో చూపరులు మరల రారని నిర్మాతల భయము కాబోలు. 1947 జూలైలో పుట్టిన చందమామను వారు చదివియుండరు. ఆ పత్రికలోని బేతాళకథలలో బేతాళుడు కథ చెప్పును, ప్రశ్న వేయును, విక్రమార్కుడు బదులు చెప్పును, ఆ నెల కథ సంపూర్ణము. శవము మరల చెట్టెక్కును. చదువరి తృప్తిగా పుస్తకము మూసి, మరునెల ముందుగానే అంగడికి పోయెడివాడు. దశాబ్దములపాటు ఆ చెట్టు క్రింద జనము తరుగలేదు.

కథ ఈ సీజనుతో ముగియునా, ముగియదా యను సంగతిని మొదటి భాగమునకు ముందే, బియ్యపు సంచిపై తూకము వ్రాయునట్లు, నిర్మాతలు తెరపై వ్రాయవలెను. సిరిసిల్ల, కోరుట్ల గ్రంథాలయములవారు ఈ యేడు కూనపులి కథకులను పిలిపించి, పటమును గణపతి మొదలు కొసవరకు విప్పించి, ఆ యువకులను ముందు వరుసను కూర్చుండబెట్టవలెను. కట్నము ముందుగానే పోగుచేయుట మంచిది. పటకథకులు అప్పుపై కథ చెప్పు దినములు గతించినవి.