వాకిలి వేరు, భాండాగారము వేరు

జమ్‌షెడ్‌పూరు ఉక్కు కర్మాగారము నాశ్రయించి తరతరములుగా అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. ఆ నగరపు శివారుననున్న గోవింద్‌పూర్ నుండి ఒక తెలుగువాడు తన యింటి మాటల పట్టికనో, పెండ్లిపాటలనో విశ్వవిద్యాలయమునకు పంపదలచినచో, నేడు తపాలాబిళ్ళను వెదకడు, ఈ-మెయిలు పంపును. ప్రవాసాంధ్రుల భాషను పరిశీలించువారికి అట్టి లేఖలు మూలసామగ్రి. అవి యెచ్చట నిలువయుండును, ఎవరి యధీనమున నుండును అను ప్రశ్నను సాంకేతికులకే విడిచిపెట్టుట తగదు.

ఉత్తరములను, క్యాలెండరును, చిరునామాల పుస్తకమును ఒక్కచోట చూపు సాఫ్ట్‌వేరు వాకిలి వంటిది. ఉత్తరములను స్వీకరించి దాచు సర్వరు భాండాగారము వంటిది. రెండును ఒకే సంస్థవి కావలెనను నియమము లేదు. థండర్‌బర్డ్ వంటి సాఫ్ట్‌వేరు పలు సంస్థల సర్వర్లతో పనిచేయుటయే ఇందుకు నిదర్శనము. పంపుటకు ఎస్.ఎం.టి.పి., చదువుటకు ఐమాప్ అను ఉమ్మడి నియమావళులు ఈ రెంటిని కలుపుచున్నవి. అయితే ఐమాప్ ఉత్తరములను మాత్రమే తెచ్చును. క్యాలెండరునకు 2007లో వెలువడిన క్యాల్‌డావ్, చిరునామాలకు 2011 నాటి కార్డ్‌డావ్ వేరుగా కావలెను. సర్వరును మార్చునపుడు ఈ భేదమును గమనింపనివారికి ఉత్తరములు దక్కి చిరునామాలు దక్కకపోవచ్చును.

అన్నియు ఒకే సంస్థ చేతనుండుట సులభమను వాదము త్రోసివేయదగినది కాదు. వెదకుట, అనవసరపు ఉత్తరములను వడపోయుట అప్పుడు తేలిక. కాని ఆ సౌకర్యమునకు మూల్యముగా లేఖాసంచయమే బందీ కారాదు. కేంద్రప్రభుత్వము 2023లో జోహో సంస్థతో ఒడంబడిక చేసికొని, సుమారు 12 లక్షల ఉద్యోగుల ఈ-మెయిళ్ళను ఆ సంస్థ వ్యవస్థకు మార్చినది. భాండాగారము మారినను, చిరునామాల చివరి ప్రభుత్వనామము మారలేదు. ఇంటిపేరు తనదైనవాడు ఇల్లు మారినను ఉత్తరము చేరును.

తెలుగునకు మరియొక చిక్కు కలదు. 2003 నాటి ఐమాప్ నియమావళి ప్రకారము సంచికి తెలుగు పేరు పెట్టినచో, దానిని రోమను అక్షరముల గుప్తలిపిగా మార్చి పంపవలెను. 2021 నాటి సవరణ యూనికోడ్‌ను నేరుగా అంగీకరించినది. తెలుగు లిపిలోనే ఈ-మెయిలు చిరునామా యుండుటకు 2012లోనే మార్గమేర్పడినది. కాని త్రోవలోని ఒక్క సర్వరు దానిని గ్రహింపకున్నను ఉత్తరము వెనుకకు వచ్చును.

కావున తెలుగు శాఖలు వాకిలి సొగసును చూచి ఒడంబడిక చేసికొనరాదు. చిరునామా విశ్వవిద్యాలయపు పేరుననే యుండవలెను. ఉత్తరములన్నిటిని ఉమ్మడి నియమావళుల ద్వారా వెలికి తీసికొను వీలుండవలెను. తెలుగు చిరునామాను సర్వరు గ్రహింపవలెను. ఈ మూడును గలచోట, గోవింద్‌పూర్ నుండి వచ్చిన పెండ్లిపాట సంస్థలు మారినను ముందుతరపు పరిశోధకునికి దక్కును.