ఇంపల్స్‌కు పదిహేనేళ్లు

హోండాతో తెగతెంపులు చేసుకున్న హీరో కంపెనీ 2011 ఆగస్టులో లండన్‌లో కొత్త పేరుతో జనం ముందుకు వచ్చినప్పుడు చూపించిన తొలి బళ్లలో ఇంపల్స్ ఒకటి. 149 సీసీ ఇంజిన్, 13 హార్స్‌పవర్, 134 కిలోల బరువు, పైకెత్తి బిగించిన సైలెన్సర్, నేలకూ బండి అడుగుకూ మధ్య 245 మిల్లీమీటర్ల ఖాళీ. తారు రోడ్డు మీద ఎంత హాయిగా పోతుందో మట్టి దారిలోనూ అంత ధీమాగా పోయేలా చేసిన బండి అది. బ్రెజిల్‌లో హోండా అమ్మిన ఎన్‌ఎక్స్‌ఆర్ 150 బ్రోస్ దీనికి మూలం. మన దగ్గర ఆ ఏడాది చివర్లో రోడ్డెక్కి, కొన్నేళ్లకే తయారీ ఆగిపోయింది. అయినా దాన్ని నడిపినవాళ్లు ఈనాటికీ దాని గురించి ఆప్యాయంగా చెప్పుకుంటారు. 2026 చివరి నుంచి ఆ తొలి బళ్ల రిజిస్ట్రేషన్ గడువు ఒక్కొక్కటిగా తీరిపోతుంది. వయసైపోయిందని వాటిని తుక్కుకు తోలడం తప్పని నా వాదన. బండి ఎన్నేళ్లదన్నది పక్కనపెట్టి ఎలా ఉందన్నది చూడాలి. బాగున్న బండిని బాగు చేసుకుంటూ నడుపుకునే వీలు ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి కల్పించాలి.

ఇలాంటి బండి ఎవరికి అవసరమని అడిగేవారు ఒకసారి అనకాపల్లి జిల్లా రాంబిల్లి వైపు చూడాలి. ఒక పక్క సముద్రం, ఇసుక, సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు, మత్స్యకారుల ఊళ్లు. మరో పక్క అచ్యుతాపురం సెజ్, ఐఎన్‌ఎస్ వర్ష నౌకాదళ స్థావరం పనులు, వాటికోసం తిరిగే బరువైన లారీలు. కొంతదూరం నున్నటి రోడ్డు, ఆ వెంటనే లారీల కింద నలిగి గోతులు పడ్డ రోడ్డు, అది దాటితే కాలువ గట్టు, చివరన ఇసుక. పొద్దున సెజ్‌లో షిఫ్టుకు వెళ్లే మనిషి సాయంత్రం తోటలోకీ, తెల్లారి వేట నుంచి వచ్చిన పడవ దగ్గరకీ అదే బండి మీద పోవాలి. ఎత్తు తక్కువగా, చక్రం చిన్నగా ఉండే స్కూటర్ గోతిలో దిగబడే చోట 19 అంగుళాల ముందు చక్రం గోతి అంచును ఎక్కి దాటేస్తుంది. ముందు ఫోర్కు 180 మిల్లీమీటర్ల మేర కిందికీ పైకీ కదలడం వల్ల ఆ దెబ్బ నడిపేవాడి నడుముకు తగలదు. వాన నీళ్లు నిలిచిన దారిలో సైలెన్సర్ ఎత్తులో ఉండటం ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు. ఇదే జిల్లాలోని నర్సీపట్నం దాటి లంబసింగి, చింతపల్లి వైపు ఘాట్ ఎక్కేవారికైనా ఈ లెక్కే వర్తిస్తుంది. వాడినవాళ్ల ఆప్యాయత ఊరికే పుట్టింది కాదు. అది ఆ నేలకు ఆ బండి కుదిరిందనడానికి సాక్ష్యం.

అంత మంచి బండి అయితే ఎందుకు అమ్ముడుపోలేదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దాదాపు 67 వేల రూపాయల ధరకు ఆనాడు అంతకంటే జోరుగా పోయే బళ్లు దొరికేవి. 836 మిల్లీమీటర్ల సీటు మీద కూర్చుంటే మన సగటు ఎత్తు మనిషికి కాళ్లు నేలకు పూర్తిగా ఆనవు. ఘాట్ రోడ్డు మీద 13 హార్స్‌పవర్ చాలదన్న ఫిర్యాదులోనూ నిజముంది. అయితే ఇవన్నీ ధరలోనూ శక్తిలోనూ ఉన్న లోపాలు. ఆలోచన తప్పని ఇవి చెప్పవు. 2016 మార్చిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 411 సీసీ హిమాలయన్‌ను తెచ్చింది, అది 2023 దాకా నడిచింది. హీరో కూడా 2019 మేలో ఎక్స్‌పల్స్ 200తో మళ్లీ అదే దారికి వచ్చింది. వదిలేసిన బాటలోకి ఒక కంపెనీ తిరిగి వచ్చిందంటే ఆ బాటలో నడిచేవాళ్లు ఉన్నట్టే కదా.

పాత హిమాలయన్ గురించి మరికాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడుంది. తొలినాళ్లలో దాని తయారీ నాణ్యతపై విమర్శలు గట్టిగానే వచ్చాయి. కానీ ఆ ఇంజిన్ స్వభావం చూడండి. 24.5 హార్స్‌పవర్ మాత్రమే, అయినా తక్కువ వేగంలోనే 32 న్యూటన్ మీటర్ల లాగుడు బలం. గాలీ ఆయిలూ చల్లబరిచే ఇంజిన్ కాబట్టి రేడియేటర్ లేదు, అది పగిలి కూలెంట్ కారిపోయే బాధా లేదు. టాపెట్లను స్క్రూ తిప్పి సరిచేయవచ్చు కాబట్టి యలమంచిలిలోని చిన్న షెడ్డులో అనుభవమున్న మెకానిక్ చేతికే ఆ పని లొంగుతుంది. 2023 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన 452 సీసీ బండి 40 హార్స్‌పవర్ ఇస్తుంది, పెద్ద రోడ్డు మీద ఎంతో మెరుగు, సందేహం లేదు. అయితే దాని ఇంజిన్‌ను కూలెంట్ చల్లబరుస్తుంది, వాల్వుల ఖాళీ సరిచేయాలంటే కొలత ప్రకారం షిమ్ములు మార్చాలి. ఆ పని ప్రతి ఊళ్లోనూ జరిగేది కాదు. ఉప్పు గాలికి చైను, స్పోకులు, వైర్ల కొనలు తుప్పు పట్టే సముద్రతీరంలో బండి ఎంత కొత్తదన్నదాని కంటే దాన్ని దగ్గర్లో ఎవరు విప్పి బిగించగలరన్నదే ముఖ్యం.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం పొగ. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇంపల్స్ కాలంనాటి బీఎస్-3 ప్రమాణం ప్రకారం బైకు నుంచి కిలోమీటరుకు హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ కలిపి 1 గ్రాము దాకా రావచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6లో ఆ రెండింటి పరిమితులు కూడితే 0.16 గ్రాము. తేడా చాలా పెద్దది. కాబట్టి లక్షల బళ్లు కిక్కిరిసే ఢిల్లీ లాంటి నగరంలో కఠినంగా ఉండటాన్ని నేను తప్పుపట్టను. కానీ తీరగ్రామంలో అరకొరగా తిరిగే కొద్దిపాటి బళ్లకు అదే కొలత పెట్టడం సరికాదు. పైగా కొత్త బండి తయారీకి పట్టే ఉక్కు, అల్యూమినియం, కరెంటు కూడా కాలుష్యం ఖాతాలోకే రావాలి. పొల్యూషన్ పరీక్షను పేరుకు కాకుండా నిజంగా చేయండి. అందులో తప్పిన బండిని ఆపండి, నెగ్గిన బండిని నడవనివ్వండి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి తగిన విడిభాగాలతో బళ్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి. పాత కార్బురేటర్ బండిలోని రబ్బరు పైపులు, వాషర్లు ఇథనాల్‌కు త్వరగా దెబ్బతింటాయి. మైలేజీ సంగతికొస్తే, ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై 10 శాతానికి సర్దుబాటైన ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. ఇంధనాన్ని మార్చింది ప్రభుత్వం. దానికి తట్టుకునే పైపులూ వాషర్లూ పాత మోడళ్లకు దొరికేలా చూసే బాధ్యతా ప్రభుత్వానిదే.

భద్రత మాటేమిటి అంటారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఇంపల్స్‌కు ఏబీఎస్ లేదు, తారు రోడ్డు మీద అది లోటే. అయితే ఇసుకలోనూ రాళ్ల దారిలోనూ వెనక ఏబీఎస్ అడ్డంకి అవుతుందని కంపెనీలే గ్రహించాయి కాబట్టే 2020 హిమాలయన్‌లో దాన్ని ఆపుకునే స్విచ్ పెట్టారు. అరిగిన టైరు, పట్టని బ్రేకు, తలకు లేని హెల్మెట్ ఏ వయసు బండి మీదైనా ప్రాణం తీస్తాయి. వాటిని చూడాల్సింది ఫిట్‌నెస్ తనిఖీలో.

చట్టం పాత బండిని నిషేధించలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 15 ఏళ్ల తర్వాత ఐదేసి ఏళ్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకోనిస్తుంది. కానీ బైకుకు 300 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 1,000 అయింది. 20 ఏళ్లు దాటితే 2,000 అని 2025 ఆగస్టులో నిర్ణయించారు. బండి ఎంత బాగున్నా, ఎంత పాడైనా ఒకే రుసుము. తనిఖీలో బాగా నెగ్గిన బండికి రుసుము తగ్గిస్తే యజమాని దాన్ని శ్రద్ధగా చూసుకుంటాడు. కంపెనీల వైపు నుంచి కావలసింది సామాన్లు. బయటి మెకానిక్‌లకు విడిభాగాలు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కేంద్రం 2022లో మొదలుపెట్టిన మరమ్మతు హక్కు కార్యక్రమంలో వాహనాల రంగమూ ఉంది. ఆ స్ఫూర్తిని బైకులకూ తేవాలి. తయారీ ఆపిన మోడల్‌కు ఎన్నేళ్లు సామాన్లు ఇస్తారో అమ్మే రోజే రాసివ్వాలన్న నిబంధన పెట్టాలి. అప్పుడు క్లచ్ కేబుల్ దొరక్క మంచి బండి షెడ్డులో మూలపడదు.

ఈలోగా ఇంపల్స్ ఉన్నవారికి ఒక మాట. ఆర్‌సీ తీసి తేదీ చూసుకోండి. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి పొడిగింపుకు దరఖాస్తు చేయవచ్చు. ఆలస్యం చేస్తే నెలకు 300 రూపాయల చొప్పున అదనంగా కట్టాలి.