బోల్ట్ మీద బలం వద్దు

ఎయిర్ రైఫిల్ మ్యాగజైన్ జామ్ అయితే చాలామంది మొదట చేసే పని బోల్ట్‌ని ఇంకా గట్టిగా నెట్టడం. (మన క్లబ్ మ్యాగజైన్ కాదులెండి, పెల్లెట్లు నింపే గుండ్రటి డబ్బా.) నా దృష్టిలో అంతకంటే చెడ్డ అలవాటు లేదు. పెల్లెట్ సీసంతో చేసింది, మెత్తగా ఉంటుంది. మ్యాగజైన్ గది బ్యారెల్‌కి సూటిగా రాకపోతే బోల్ట్ దాన్ని సగం తోసి అంచు చెక్కేస్తుంది. ఆ ముక్క లోపలే ఉండి తర్వాతి పెల్లెట్‌నీ ఆపుతుంది.

కోడ్‌లో ఎర్రర్ వస్తే ఎంటర్ కీని గట్టిగా కొడతామా? ముందు ఇన్‌పుట్ చూస్తాం. ఇక్కడ ఇన్‌పుట్ పెల్లెట్. వెనక అంచు వంగిందా? పొడవెక్కువై గది దాటి బయటికొచ్చిందా? ఆ తర్వాతే మిగతావి: మ్యాగజైన్ పూర్తిగా కూర్చుందా, గదుల్లో సీసం పొడి పేరుకుందా, తిప్పే స్ప్రింగ్ వదులైందా అని. ఇవి చూస్తున్నంతసేపూ రైఫిల్ మూతి మనుషులు లేని వైపే ఉండాలి. మ్యాగజైన్ తీసేసినా బ్యారెల్‌లో ఒక పెల్లెట్ మిగిలి ఉండొచ్చు. "ఖాళీయే కదరా" అని ఫ్రెండ్ వైపు తిప్పేది సరిగ్గా అప్పుడే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఎయిర్ గన్ అంటే జాతరలో బెలూన్లు కొట్టేదే. ఒక్కో పెల్లెట్ పెట్టి కాల్చాలి. ఒలింపిక్స్ 10 మీటర్ల రైఫిల్ కూడా అంతే, దానికి మ్యాగజైనే ఉండదు! హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 701.1 స్కోరుతో కాంస్యం గెలిచింది అలా ఒక్కొక్కటే పెట్టుకుంటూ. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు మ్యాగజైన్ పక్కనపెట్టి సింగిల్ షాట్ ట్రే వాడాలంటాను. పెల్లెట్‌ని వేళ్లతో పట్టుకున్నప్పుడే వంగిన అంచు తెలిసిపోతుంది.