ఇల్లు పోయినా అప్పు పోదా?

ఇల్లు వేలంలో పోతే బ్యాంకు బాకీ అంతటితో సరి అని మా బెల్లంపల్లిలో చాలామంది అనుకుంటారు. చట్టం మాత్రం అలా చెప్పదు. నా ఫిర్యాదు ఆ చట్టం మీదే.

నేను సింగరేణిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా బాయి మీద పనిచేసిన ఒకతను బ్యాంకు అప్పుతో మంచిర్యాలలో ఇల్లు కొన్నాడు. జమానతు సంతకం నాది. కిడ్నీ జబ్బుతో మస్టర్లు పడక అతని జీతం తగ్గింది, కిస్తీలు ఆగాయి. బ్యాంకు వాళ్లు గేటుకు నోటీసు అంటించి, ఇల్లు వేలం వేశారు. బాకీ 18 లక్షలు. పాట 13 లక్షల దగ్గర ఆగింది. బీరువా, మంచాలు ట్రాలీలో వేసుకుని వాళ్లు అద్దె ఇంటికి మారారు. మిగతా 5 లక్షలకు, వేలం ఖర్చులకు లాయరు నోటీసు ఆ అద్దె ఇంటికే వచ్చింది. అలాంటిదే ఇంకొకటి నా పేరున వచ్చింది.

ఇదంతా చట్టప్రకారమే. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు ఇల్లు అమ్ముకోవచ్చు. బాకీ మొత్తం రాకపోతే, సెక్షన్ 13(10) ప్రకారం మిగిలిందానికి మళ్లీ మన మీదికి రావచ్చు. జమానతుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమని 1872 కాంట్రాక్టు చట్టం చెబుతోంది.

అప్పు ఇచ్చేనాడు ఇంటికి విలువ కట్టింది బ్యాంకు మనిషే. వేలంలో కనీస ధర ఖరారు చేసిందీ బ్యాంకే. రెండు లెక్కల మధ్య పడిన నష్టమంతా అప్పు తీసుకున్నవాడి నెత్తిన వేయడం ఏం న్యాయం?

మన పిల్లలు వేల సంఖ్యలో ఉన్న కాలిఫోర్నియాలో, తాను ఉండటానికి ఇల్లు కొన్న అప్పయితే, ఇల్లు పోయాక మిగతా బాకీ కోసం మామూలుగా మనిషి వెంట పడనివ్వరు. టెక్సాస్‌లో దావా వేయొచ్చు. కానీ వేలం ధర కన్నా మార్కెట్ విలువ ఎక్కువని రుజువైతే ఆ తేడాను బాకీలోంచి కొట్టేస్తారు. మనకు కనీసం ఈ రెండో పద్ధతైనా కావాలి.

ఇలాగైతే ఎగవేతలు పెరుగుతాయని బ్యాంకులు అంటాయి. ఉన్న ఒక్క ఇల్లూ పోగొట్టుకుని రోడ్డున పడ్డవాణ్ని ఎగవేతదారు అంటామా? మోసం చేసినవాడికి ఈ మినహాయింపు ఇవ్వొద్దు, అంతే.

ఐపీ పెట్టొచ్చు కదా అంటారు. మామూలు మనిషికి ఇప్పటికీ 1920 నాటి దివాలా చట్టమే దిక్కు. 2016 దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం రాసిన భాగాన్ని, 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమల్లోకి తెచ్చారు. బాయి కార్మికుడి వంతు ఇంకా రాలేదు.

నోటీసు అందిందని బెంబేలు పడొద్దు. పింఛను, పీఎఫ్, గ్రాట్యుటీని జప్తు చేయకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 కాపాడుతుంది. రిటైర్మెంటు డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినా ఆ రక్షణ పోదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కట్టే స్తోమతు నిజంగా లేనివాణ్ని జైలుకు పంపకూడదని 1980లోనే తీర్పిచ్చింది. బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లోగా అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు (డీఆర్టీ) పోవచ్చు. అయితే అది ఉన్నది హైదరాబాదులో. అందుకే కిస్తీలు తప్పుతున్నప్పుడే బ్యాంకు ఒప్పుకోలుతో మనమే గిరాకీ చూసి అమ్ముకోవడం మేలు.

మన ఎంపీలు పార్లమెంటులో అడగవలసింది ఒక్కటే. సొంతంగా ఉంటున్న ఒకే ఒక్క ఇంటి మీది అప్పు, ఆ ఇంటి వేలంతోనే ముగియాలి.