మా మాట: ఏడ్చేవారిని ఏడ్వనివ్వండి

తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోవెల కోనేటికి హృత్తాపనాశిని అని పేరు. గుండెలోని తాపాన్ని పోగొట్టేది అని అర్థం. స్వామిని వైద్య వీరరాఘవుడంటారు. అమావాస్యనాడు ఊరూరినుంచి జనం వచ్చి, ఒంటి రుగ్మతలు కరిగిపోవాలని ఆ నీటిలో బెల్లం వేసి పోతారు. అరక్కోణం మీదుగా రైలులో వెళితే వచ్చే తిరుత్తణిది కూడా ఇటువంటి పేరే. శూరపద్మునితో యుద్ధం ముగించుకుని వచ్చిన కుమారస్వామి కోపం తణిగిన చోటు గనుక తణిగై అయిందని స్థలపురాణం. అందుకే స్కందషష్ఠినాడు ఇతర మురుగన్ క్షేత్రాలలో జరిపే శూరసంహారం అక్కడ జరపరు.

తాపం తీర్చే ఊరొకటి, కోపం తణిపే ఊరొకటి. ఈ రెంటి నడుమ కాపురముంటున్న మనం, ఏడ్చే మనిషి కనబడితే మాత్రం “ఊరుకో, ఊరుకో” అని నోరు మూయించడానికి తొందరపడతాము. ఆ తప్పు మేమూ చేశాము. అది ఒప్పుకోవడానికే ఈ నెల కలం పట్టాము.

మా మిత్రులొకరు తిరువళ్లూరులో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కొన్నేళ్ల క్రిందట ఆయన ఇల్లాలు కాలం చేశారు. శవం లేచేవేళ ఆయన గొంతు పూడుకుపోయి, పెదవులు వణికాయి. మేము భుజం పట్టుకుని, “ఊరుకోండి మాస్టారూ, మీరే ఇట్లయితే పిల్లలేమి కావాలి?” అన్నాము. ఆయన ఊరుకున్నారు. పన్నెండు రోజులూ కన్ను తడి కాలేదు. గట్టిమనిషి అని అందరూ మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాము. ఆ తరువాత ఆయనకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. పలకరించడానికి వెళితే పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చునేవారు.

ఇంతకూ ఈ కన్నీటి సంగతేమిటో కొంత తెలుసుకుందాం. కంటిని ఎల్లప్పుడూ తడిగా ఉంచే నీరొకటి. ఉల్లిపాయ తరిగినప్పుడో, పొగ తగిలినప్పుడో వచ్చేది రెండవది. మనసు కదిలినప్పుడు వచ్చేది మూడవది. అమెరికాలో విలియం ఫ్రే అనే శాస్త్రజ్ఞుడు ఉల్లిపాయ కన్నీటినీ, విషాద చిత్రాలు చూచినవారి కన్నీటినీ పట్టి పోల్చి, రెండవ దానిలో మాంసకృత్తులు హెచ్చుగా ఉన్నాయని 1981లో ప్రకటించాడు. దుఃఖంవల్ల ఒంట్లో చేరిన చెరుపు కన్నీటితో బయటికి పోతుందని ఆయన ఊహ. ఊహ ముచ్చటైనదేగాని, అది రుజువు కాలేదు.

మరి ఏడిస్తే గుండె బరువు తగ్గుతుందనే మాట నిజమేనా? హాలెండు దేశంలో వింగర్‌హోట్స్ మున్నగువారు 60 మందికి విషాద చిత్రాలు చూపి, 2015లో ఫలితం ప్రకటించారు. ఏడ్చినవారి మనసు చిత్రం ముగిసిన వెంటనే మరింత క్రుంగింది. 20 నిమిషాలకు మామూలుకు వచ్చింది. 90 నిమిషాలకు మాత్రం చిత్రం చూడకముందుకంటె తేలికపడింది. అనగా ఏడ్పు మందే గాని, మింగగానే పనిచేసే మందు కాదు.

వేరొక సంగతి కూడా ఉన్నది. 30కి పైగా దేశాలవారిని విచారించి 2008లో వెలువరించిన పరిశీలన ప్రకారం, ఏడ్చినప్పుడు ఆదరించే మనిషి ఉన్నవారికి ఊరట ఎక్కువ. ఏడ్చినందుకు సిగ్గుపడినవారికి తక్కువ. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. పసిబిడ్డ పుట్టగానే కేరుమంటుంది. కన్నీరు మాత్రం కొన్ని వారాలకుగాని రాదు. ఏడ్పు మొదట పిలుపు. పిలిచినప్పుడు ఎవరో ఒకరు పలకాలి గదా!

మన పెద్దలకు ఇది తెలుసు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి ప్రాంతంలో మన ఆడవారి శోకాలూ విన్నాము, తమిళుల ఒప్పారీ విన్నాము. పోయినవారి గుణాలు చెప్పుకుంటూ, ఒకరి భుజంమీద ఒకరు తల పెట్టుకుని ఏడుస్తారు. పెండ్లిలో అప్పగింతలవేళ కూడా అంతే. ఆడవారికి ఈ వసతి కల్పించిన లోకమే, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని సామెత చెప్పి మగవాని నోరు నొక్కింది. తిరుత్తణి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించుకుంటూ ఏడ్చే అయిదేండ్లవానితో కూడా “మగపిల్లాడివి, ఏడుస్తావేమిరా?” అంటాము. చదువుకంటె ముందు వానికి నేర్పే పాఠం అది.

మాస్టారి సంగతికి వద్దాం. మరుసటి ఏడు పుష్య అమావాస్యకు తర్పణం విడిచి, హృత్తాపనాశిని మెట్లమీద కూర్చున్నారు. ప్రక్కన ఆయన బావమరిది, వెనుక మెట్టుమీద మేము. ఎవరో బెల్లపు ముక్క నీటిలో వేశారు. అది చూస్తూ ఆయన ఉన్నట్టుండి భోరుమన్నారు. అలవాటుగా “ఊరుకోండి” అనే మాట మా నాలుకమీదికి వచ్చింది. బావమరిది వెనుదిరిగి, “ఏడ్వనీండి సార్” అని, ఆయన వీపుమీద చేయి వేసి, మారు మాట లేక కూర్చున్నాడు. చాలాసేపటికి మాస్టారు పంచె కొంగుతో ముఖం తుడుచుకుని, “ఆకలేస్తా ఉందిరా, ఏమన్నా తిందాం పద” అన్నారు.

ఒక్క ఏడ్పుతో ఆయన దుఃఖం తీరిందని మేము చెప్పబోము. కారణం తెలియని ఏడ్పు రోజుల తరబడి విడవకపోతే, నిద్రాహారాలు చెడితే, వైద్యునివద్దకు తీసుకుపోవడమే యుక్తం. తక్కిన ఏడ్పులకు మన ఇండ్లలోనే మందు ఉన్నది. ఈసారి మీ ఇంట ఎవరైనా, ముఖ్యంగా మగవారు, కన్నీరు పెట్టుకుంటే ఊరుకోమనకండి. లేచి పోకండి. ప్రక్కన కాస్త జరిగి కూర్చోండి.