నడచువారికి నీడ

అశోకుడు బాటలకు ఇరువైపుల చెట్లు నాటించెనని చరిత్ర పాఠములలో చదువని విద్యార్థి యుండడు. పరీక్ష ముగియగానే ఆ వాక్యమును పలువురు మరచిపోవుదురు. కొందరు పరిహాసమునకు వాడుదురు. కాని మనుష్యులకును, పశువులకును నీడ కలుగుటకై మఱ్ఱిచెట్లు నాటించిన సంగతిని ఆ చక్రవర్తి శిలాస్తంభముపై చెక్కించెను. బాటసారికి నీడ కల్పించుట ప్రభువుల ధర్మమని ఆయన తలంపు. అది జరిగి 2,200 సంవత్సరములు దాటినది. నేడు హైదరాబాదు తూర్పు భాగముననున్న ఉప్పల్, నాచారముల వీథులలో మండువేసవి మధ్యాహ్నమున నడచువారికి ఆ వాక్యము పరిహాసముగా తోచదు.

ఉప్పల్ కూడలి మిక్కిలి రద్దీ గల చోటు. వరంగల్లు రహదారి అచటి నుండియే సాగును. 2017 నవంబరులో మెట్రో రైలు నాగోలు నుండి ఉప్పల్ మీదుగా నడువసాగెను. 2023 జూనులో పాదచారుల కొరకు ఆకాశవంతెనను తెరచిరి. ఇవి రెండును కొనియాడదగిన పనులే. వీని వలన ప్రయాణము సుళువైనది. వాహనముల భయము తగ్గినది. ఎండ భయము మాత్రము తగ్గలేదు. బస్సు కొరకు నిలిచిన వృద్ధురాలు, తోపుబండిపై పండ్లు అమ్ముకొనువాడు, కూడలిలో నిలుచు ట్రాఫిక్ పోలీసు, నాచారము పారిశ్రామికవాడకు మధ్యాహ్నపు షిఫ్టుకై నడచిపోవు కార్మికుడు - వీరందరి నెత్తిన ఎండ తిన్నగా పడుచునే యున్నది.

పత్రికలలో ఆనాటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలని ప్రకటింతురు. ఆ అంకె అసత్యము కాదు. అయితే దానిని తెలుపు ఉష్ణమాపకము తెల్లరంగు పూసిన చెక్కపెట్టెలో, గాలి యాడు నీడలో ఉండును. బాటసారికి అట్టి పెట్టె లేదు. అతని దేహమును బాధించునది గాలి వేడిమి యొక్కటే కాదు. పైనుండి సూర్యకిరణములు, క్రిందనుండి తారురోడ్డు సెగ, ప్రక్కలనుండి కాంక్రీటు గోడల సెగ అతనిని తాకును. మనుష్యదేహపు సహజమైన వేడిమి సుమారు 37 డిగ్రీలు. పరిసరములు అంతకు మించి వేడెక్కినపుడు చెమట ఆరుట యొక్కటే దేహమును చల్లబరచు మార్గము. గాలి స్తంభించినను, తేమ హెచ్చినను ఆ మార్గమును మూసికొనిపోవును. కావున ఒకే దినమున, ఒకే నగరమున, నీడలో నడచువాని వేసవి వేరు. ఎండలో నడచువాని వేసవి వేరు.

ఎత్తైన భవనములు నీడ నీయవా యని యడుగవచ్చును. ఉదయ సాయంకాలములందు ఇచ్చును. కాని మే నెల రెండవ వారమున హైదరాబాదులో ఒకనాటి మధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు నిలువుగా పాతిన కఱ్ఱకు నీడ కనబడదు. 2023లో ఆ దినము మే 9. ఆ వేళ ఎంతటి మేడయైనను బాటసారికి నీడ నీయజాలదు. మెట్రో వంతెన నీడ వీథి నడుమనే పడును, కాలిబాటపై పడదు. తలపై కప్పో, కొమ్మయో యుండవలెను. రేకుల కప్పు ఎండను ఆపినను తాను వేడెక్కి ఆ వేడిమిని క్రిందికి పంపును. చెట్టు ఆకుల నుండి నీటిని ఆవిరిగా విడుచుచు తానును చల్లగా నుండును, క్రింద నిలిచినవారిని చల్లబరచును. ఉప్పల్ దారిలోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఆవరణము పచ్చని చెట్లతో నిండియున్నది. ప్రహరీ లోపల సాధ్యమైనది ప్రహరీ వెలుపల అసాధ్యము కానేరదు.

చెట్లు వీథుల విస్తరణకు అడ్డమనియు, కొమ్మలు విద్యుత్తు తీగలకు తగులుననియు కొందరందురు. ఈ చిక్కులు నిజమైనవే. కాని వాహనములకు బాట వేయునపుడు వాని వెడల్పును ముందే లెక్కింతురు గదా! నడచువారి నీడను గూడ అట్లే ముందు లెక్కింపవలెను. తీగలను భూగర్భమున వేయవచ్చును. అలంకారమునకై తాటిజాతి మొక్కలను నాటుటకు మారుగా కానుగ, వేప, రావి వంటి గుబురు చెట్లను నాటవచ్చును. అవి ఎదుగువరకు బస్సు నిలుచు చోట్ల పందిళ్లు వేసి, చలివేంద్రములు పెట్టుట పెద్ద వ్యయము కాదు.

2015 వేసవిలో వడగాడ్పులకు దేశమున 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే. 2023లో తెలంగాణ ప్రభుత్వము ఇండ్లను చల్లబరచు పైకప్పుల విధానమును ప్రకటించెను. 2025లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా గుర్తించెను. ఇవి మంచి మార్పులు. అయితే పైకప్పు ఇంటనున్నవానికే మేలు చేయును. పరిహారము ప్రాణము పోయిన తరువాత వచ్చును. నీడ ప్రాణమున్నపుడే, వీథిలోనే మేలు చేయును. త్రాగునీరు, వీథిదీపములవలె నీడయు పౌరుల హక్కని నగర పాలకులు గుర్తింపవలెను.

ఎనిమిదవ తరగతి బాలిక నేడు నాటిన కానుగ మొక్క ఆమె ఉద్యోగమునకు బయలుదేరునాటికి నీడనిచ్చు చెట్టగును. నాటుట ఒక దినపు ఉత్సవము. నీరు పోసి కాపాడుట పది వేసవుల పని. ఆ పనిని నిలబెట్టిన నగరమే మధ్యాహ్నవేళ నడచువానిని తనవానిగా ఎంచిన నగరము.